అపార్ట్‌మెంట్‌లో మొబిలిటీ స్కూటర్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఛార్జ్ చేయాలి? వాడుతున్నవాళ్లు చెప్పండి

రెండో_అంతస్తు:
మా అమ్మ మొబిలిటీ స్కూటర్ (ఎక్కువ దూరం నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి) మీదే బయటికి వెళ్తుంది. ఇంట్లో చేతికర్ర సాయంతో తిరుగుతుంది కానీ గేటు దాకా నడవలేదు. స్కూటర్‌ని లిఫ్ట్ పక్కన కారిడార్‌లో పెట్టి, మా తలుపు కింద నుంచి వైర్ లాగి ఛార్జ్ చేస్తున్నాం. "దారిలో ఏమీ ఉంచకూడదు, వారంలో తీసేయండి" అని అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటించారు. వాళ్లది తప్పని నేను అనను. తీసి ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. మా హాల్లోకి పడుతుంది గానీ తిప్పే చోటు లేదు, రివర్స్‌లోనే బయటికి రావాలి. అమ్మకి అది చేతకాదు. పడగ్గదిలో పెట్టి రాత్రంతా ఛార్జింగ్ పెట్టాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. బ్యాటరీలు లెడ్ యాసిడ్, 12 వోల్టులవి రెండు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

పాత_వైర్‌మన్:
కారిడార్ నుంచి తీయడం మాత్రం తప్పదు బాబూ. భయం ఒక్క బ్యాటరీతోనే కాదు. సీటులో స్పాంజి, పైన ప్లాస్టిక్ బాడీ, కింద టైర్లు. ఏ కారణంతో అంటుకున్నా నల్లటి దట్టమైన పొగ వస్తుంది, నిమిషాల్లో మెట్ల దారంతా కమ్మేస్తుంది. మంట దగ్గరికి రాకముందే మనిషిని పడేసేది ఆ పొగే. ఇంట్లో అంటుకుంటే తలుపు మూసి బయటపడొచ్చు. బయటపడే దారిలోనే అంటుకుంటే పైవాళ్లు ఎటు పోతారు?

తలుపు కింద వైర్ సంగతి. అది ఈ రోజే ఆపేయండి. తలుపు వేసిన ప్రతిసారీ వైర్ నలుగుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. కరెంటంతా మిగిలిన పోగుల మీద పడి అక్కడే వేడెక్కుతుంది.

స్కూటర్ ఛార్జర్ కరెంటు బాగా లాగేస్తుందని చాలామంది అనుకుంటారు. 24 వోల్టులు, 5 ఆంపియర్ల ఛార్జర్ గోడ నుంచి తీసుకునేది సుమారు 150 వాట్లు. ఇస్త్రీ పెట్టె దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కాకపోతే ఇస్త్రీ చేసేటప్పుడు మనిషి పక్కనే ఉంటాడు, పనవగానే తీసేస్తాడు. ఛార్జర్ 8 నుంచి 12 గంటలు ఎవరి కన్నూ పడకుండా నడుస్తుంది. లూజ్ కాంటాక్ట్ ఉంటే అన్ని గంటలూ అక్కడ కాలుతూనే ఉంటుంది. అప్పుడు ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే ఆపే స్విచ్) పడదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) కూడా పడదు, ఎందుకంటే కరెంటు ఎర్త్‌లోకి లీకవట్లేదు. రెండూ ఉండాల్సిందే, కానీ అవి ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకండి. ఛార్జింగ్ పెట్టిన గంటకి ప్లగ్ ముట్టుకుని చూడండి. ఛార్జర్ పెట్టె కాస్త వెచ్చగా ఉండటం మామూలే. ఇంత తక్కువ కరెంటుకి ప్లగ్ మాత్రం వేడెక్కకూడదు. వేడెక్కిందంటే సాకెట్ మార్చాలి.

ఇంకోటి. ఛార్జర్ వైర్ చివర గుండ్రంగా, మూడు పిన్నులతో కనెక్టర్ ఉంటుంది చూడండి, స్కూటర్ హ్యాండిల్ దగ్గర గుచ్చేది. దాన్ని వెలుతురులో పట్టుకుని లోపలికి చూడండి. పిన్నులు మెరుస్తూ నిటారుగా ఉండాలి. ఏదైనా పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, మెత్తబడి, పిన్ను కొంచెం ఒరిగి కనిపిస్తే ఇక దాన్ని వాడొద్దు. నా దగ్గరికి "ఛార్జ్ ఎక్కట్లేదు" అని వచ్చినవాటిలో ఇదే ఎక్కువ. జనం వైర్ పట్టుకుని లాగుతారు, కనెక్టర్‌ని పట్టుకుని లాగరు.

అయిదో_అంతస్తు:
మేం పైన ఉంటాం, ఇద్దరు చిన్నపిల్లలు. మా మెట్ల మొదట్లో ఒక స్కూటర్ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉండేది. మేం అడిగితే ఆ పెద్దాయన నొచ్చుకున్నారు, ఆయన మీద కోపం పెట్టుకున్నామనుకున్నారు. కోపం ఏం లేదండీ. రాత్రి పిల్లల్ని ఎత్తుకుని దిగాల్సి వస్తే దారి ఉండాలి, అంతే మా భయం. పైనున్నవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించమని ఇక్కడ రాస్తున్నా.

నాలుగు_చక్రాలు:
అయిదో అంతస్తు అక్కా, మీ భయం న్యాయమైనదే. స్కూటర్ వాడే మనిషిగా నా మాట కూడా వినండి.

నేను ఇంతకుముందున్న భవనంలో "ఉమ్మడి స్థలంలో స్కూటర్లు నిషేధం" అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకున్నారు. చోటు చూపించలేదు. ఏమైంది? అందరం ఇళ్లలోకి లాక్కున్నాం. ఒకరు మంచం పక్కన, ఒకరు వంటగది గుమ్మంలో, ఒకరు ఇంట్లోంచి బయటికొచ్చే ఒకే ఒక్క తలుపు వెనకాల. అదీ రాత్రిపూట, పక్కింటివాళ్లు చూడకుండా. ఒకావిడ బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి పెట్టెలోంచి బయటికి రావట్లేదు. చెబితే స్కూటరే తీయించేస్తారని ఎవరికీ చెప్పకుండా అలాగే ఛార్జ్ చేస్తూ వచ్చింది. నిషేధంతో ప్రమాదం పోలేదు, కనబడకుండా పోయింది.

స్కూటర్ నాకు కాళ్లు. మీ చెప్పులు గేటు దగ్గర వదిలి ఇంటికి రమ్మంటే వస్తారు. కాళ్లు అక్కడ వదిలి రమ్మంటే నేనెలా రాను? కాబట్టి "కింద పెట్టుకోండి" అనేముందు ఆ గది నుంచి లిఫ్ట్ దాకా ఎంత దూరమో కొలవండి. మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, కూర్చోవడానికి ఏమైనా ఉందా, దీపం వెలుగుతుందా చూడండి. రెండో అంతస్తు గారూ, మీరు నోటీసుకి జవాబు రాసేటప్పుడు "తీస్తాం" అన్న మాటతో పాటే "ఈ చోటు ఇవ్వండి" అని కూడా రాతపూర్వకంగా పెట్టండి. రెండూ ఒకే కాగితంలో ఉండాలి.

సంఘం_సెక్రటరీ:
మా అపార్ట్‌మెంట్‌లో ఈ గొడవ చాలాకాలం నడిచింది. చివరికి ఒక గది ఏర్పాటు చేశాం. ఎలా చేశామో చెబుతా.

మొదట అందరూ చూపించింది మెట్ల కింద ఖాళీ. ఎవరికైనా ముందు కనపడేది అదే, కానీ అన్నిటికంటే చెడ్డ చోటు కూడా అదే. కింద మంట వస్తే పొగ నేరుగా మెట్ల మీదుగా పైకి పోతుంది. దాన్ని కాదనడానికే రెండు మీటింగులు సరిపోయాయి. పాత స్టోర్ రూమ్ ఖాళీ చేయించి అది తీసుకున్నాం. గోడలు ఇటుకవి, తలుపు మాత్రం మార్చాం. 30 నిమిషాలు మంట ఆపే తలుపు, దానంతట అదే మూసుకునేది పెట్టించాం. గుమ్మం ఎత్తు తీసేసి నేల సమం చేశాం, లేకపోతే ముందు చక్రం తట్టుకుంటుంది.

గాలి కోసం గోడకి పైన, కప్పుకి దగ్గరగా జాలీలు పెట్టించాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ ఛార్జ్ అయితే హైడ్రోజన్ వదులుతుంది. అది గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. సీల్డ్ బ్యాటరీలు మామూలుగా చాలా కొద్దిగానే వదులుతాయి. ఛార్జర్ చెడిపోయిన రోజు కోసం ఆ జాలీలు. అవి బయటి గాలిలోకే తెరుచుకోవాలి, కారిడార్‌లోకి కాదు.

ప్రతి స్కూటర్‌కి గోడకే విడి సాకెట్ ఉంది, కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఆ గదిలోకి రానివ్వం. గది మొత్తానికి కరెంటు ఆపే స్విచ్ బయట ఉంది. లోపల అలారం మోగితే అది లోపలే మోగి ఊరుకోకూడదు, మనుషులకి వినపడాలి, అందుకే బయటికి కూడా కలిపాం. విడి మీటర్ పెట్టి బిల్లు వాడేవాళ్లు పంచుకుంటున్నారు. "మా డబ్బుతో వాళ్లు ఛార్జ్ చేసుకుంటున్నారు" అనే మాట ఆ రోజుతో ఆగిపోయింది.

ఇప్పటికీ తలనొప్పి ఒక్కటే. ఖాళీ గది కనపడితే చాలు, ఎవరో ఒకరు అట్టపెట్టెలు, పెయింట్ డబ్బాలు తెచ్చి పడేస్తారు. వారం వారం చూసి తీయించాల్సిందే.

మడత_స్కూటర్:
నాది మడతపెట్టే రకం, లిథియం బ్యాటరీ. బ్యాటరీ ఒక్కటే ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంటా, స్కూటర్ కారు డిక్కీలో ఉంటుంది. నాకు గది గొడవ లేదు కదా? ఒరిజినల్ ఛార్జర్ పోయింది, స్నేహితుడి పాత స్కూటర్ ఛార్జర్ సరిగ్గా సరిపోతోంది, అదే వాడుతున్నా.

పాత_వైర్‌మన్:
తమ్ముడూ, ఆ ఛార్జర్ ఇప్పుడే తీసెయ్. స్నేహితుడి పాత స్కూటర్ అంటున్నావు కాబట్టి చాలావరకు లెడ్ యాసిడ్‌దే అయి ఉంటుంది.

పిన్ను సరిపోవడం ఒకటి, ఛార్జర్ సరిపోవడం ఇంకొకటి. అన్నిటినీ 24 వోల్టులే అంటారు. లెడ్ యాసిడ్ ఛార్జర్ సుమారు 28.8 దాకా తీసుకెళ్లి, ఆ తర్వాత తగ్గించి అలాగే పట్టి ఉంచుతుంది. ఏడు సెల్స్ వరుసగా ఉన్న లిథియం అయాన్‌కి 29.4 దగ్గర ఆగి పూర్తిగా ఆపేయాలి. ఎనిమిది సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 29.2. అంకెలు దగ్గరదగ్గరగా ఉండటమే ఇక్కడ మోసం, పని చేస్తున్నట్టే ఉంటుంది. కొన్ని లెడ్ యాసిడ్ ఛార్జర్లు పాత బ్యాటరీని బాగుచేయడానికి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీ కొడతాయి. లిథియం ప్యాక్‌లో ఉండే రక్షణ సర్క్యూట్ దాన్ని ఆపొచ్చు, కానీ మనకున్న ఆఖరి అడ్డు అదొక్కటే అవుతుంది. తయారీదారు ఆ మోడల్‌కి చెప్పిన ఛార్జరే కొను. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు యూఎన్ 38.3 అని చూపిస్తారు. అది రవాణాలో తట్టుకుంటుందని చేసే పరీక్ష. ఉండటం మంచిదే, ఏ ఛార్జర్ పెట్టినా ఏమీ కాదని దాని అర్థం కాదు.

ఇంట్లో ఛార్జ్ చేసేటప్పుడు గట్టి నేల మీద పెట్టు. మంచం, సోఫా, కర్టెన్ల పక్కన వద్దు. మెలకువగా ఉన్నప్పుడే పెట్టు, నిండగానే తీసెయ్. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు బయటపడే తలుపుకీ బ్యాటరీకీ మధ్య నువ్వుండాలి. తలుపు పక్కన బ్యాటరీ పెట్టి నువ్వు లోపలి గదిలో పడుకోకూడదు. బయట తిరిగొచ్చిన వెంటనే కాకుండా చల్లారాక ఛార్జింగ్ పెట్టు. ఎక్కడైనా కిందపడినా, నీళ్లలో మునిగినా, ఉబ్బినా మళ్లీ ఛార్జ్ చేయొద్దు. చెత్తబుట్టలోనూ వేయొద్దు, బ్యాటరీలు తీసుకునే చోటే ఇవ్వాలి.

ఇంటి_నర్సు:
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు ఉంటే ఆ గదిలో ఏ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టకండి. ఆక్సిజన్ తనకు తాను అంటుకోదు, కానీ దుప్పట్లు, బట్టలు ఆక్సిజన్ పట్టి ఉంటే చిన్న నిప్పు కూడా భగ్గుమంటుంది. స్కూటర్ వాడేవాళ్లలో కొందరికి ఆక్సిజన్ కూడా ఉంటుంది, నేను చూసే ఇళ్లలో ఈ రెండూ ఒకే మంచం పక్కన కనపడతాయి.

మంట వచ్చినప్పుడు స్కూటర్‌ని బయటికి లాగాలని ఎవరూ ప్రయత్నించవద్దు. లిథియం బ్యాటరీ బుసకొడుతున్నట్టు శబ్దం చేసినా, తెల్లటి పొగ వదిలినా ఇక క్షణాలే. ఆ పొగ విషం. తలుపు మూసి, బయటికొచ్చి, ఫైర్ వాళ్లకి ఫోన్ చేసి లోపల లిథియం బ్యాటరీ ఉందని చెప్పండి. ఆరినట్టు కనిపించి గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు, అందుకే ఈ మాట వాళ్లకి తెలియాలి.

లిఫ్ట్ వాడకూడని సమయంలో మెట్లు దిగలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసి గేటు దగ్గర పెట్టారా? ఎవరు ఎవరిని దింపాలో ముందే మాట్లాడుకున్నారా? స్కూటర్ గది కట్టిన సంఘం ఈ పని కూడా చేయాలి.

రెండో_అంతస్తు:
అందరికీ చాలా థాంక్స్. నాలుగు చక్రాలు గారు చెప్పినట్టు తీస్తామనే మాట, చోటు ఇవ్వమనే మాట ఒకే ఉత్తరంలో రాసి ఇచ్చాను. మీటింగ్ పెట్టారు. "కింద మీటర్ల గది ఖాళీగానే ఉంది, అక్కడే కరెంటు కూడా ఉంది, పెట్టుకోండి" అంటున్నారు. ఒప్పుకోనా?

పాత_వైర్‌మన్:
వద్దు. భవనం మొత్తానికి కరెంటు వచ్చే గది అది. అక్కడ మంట వస్తే కరెంటు ఆపడానికి కూడా ఎవరూ లోపలికి పోలేరు. అక్కడ ఏమీ నిల్వ చేయకూడదు, స్కూటర్ అసలే కూడదు. పార్కింగ్‌లో పైకప్పున్న మూల ఏదైనా అడగండి. మెట్ల మొదలుకి, కిటికీలకి దూరంగా ఉండాలి. వాన జల్లు తగలకుండా పక్కన షీటు వేయించి, తడి తట్టుకునే మూతున్న సాకెట్ పెట్టించండి, దానికి ఆర్‌సీసీబీ తప్పనిసరి. కవర్ కప్పితే ఛార్జింగ్ పెట్టినప్పుడు ఛార్జర్ మీద నుంచి తీసేయండి, దానికి గాలి ఆడాలి.

నాలుగు_చక్రాలు:
ఆ మూల నుంచి లిఫ్ట్ దాకా అమ్మగారిని ఒకసారి నడిపించి చూశాకే సరే అనండి.

రెండో_అంతస్తు:
నడిపించాను. మధ్యలో ఒక కుర్చీ వేస్తే చాలు అంది అమ్మ. సంఘంవాళ్లు గోడకి కమ్మీ కూడా పెట్టిస్తామన్నారు. ఆఖరి ప్రశ్న. వచ్చే నెల అమ్మ మా అక్క దగ్గరికి వెళ్తుంది, కొన్ని నెలలు అక్కడే. అన్ని రోజులూ ప్లగ్‌లోనే ఉంచనా, తీసేయనా?

పాత_వైర్‌మన్:
మీది లెడ్ యాసిడ్ కాబట్టి ఫుల్‌గా ఛార్జ్ చేసి, ప్లగ్ తీసి, తాళంచెవి కూడా తీసి పెట్టండి. నెలకోసారి మీరు ఇంట్లో ఉన్న రోజున మళ్లీ నింపండి. ఛార్జ్ అయిపోయి ఖాళీగా పడి ఉంటే లోపల పలకల మీద సల్ఫేట్ గడ్డకట్టి బ్యాటరీ పాడైపోతుంది. మడత స్కూటర్ తమ్ముడి లిథియం అయితే దీనికి భిన్నం, దాన్ని సగం ఛార్జ్‌తో చల్లటి పొడి చోట పెట్టాలి.