క్యారియర్ కనపడితే చాలు, పిల్లి మంచం కింద. టీకాకి ఇంకా 3 వారాలే ఉంది, ఏం చేయాలి?

మియావ్‌మేడ:
4 ఏళ్ల ఆడపిల్లి, 4 కిలోలు. క్యారియర్ అటక మీద నుంచి దించే చప్పుడు వింటే చాలు, మంచం కింద దూరుతుంది. ఆటోలో దారి పొడుగునా అరుపులు, చొంగ. క్లినిక్‌లో మెడ తోలు పట్టుకుని బల్లకి అదిమితే గానీ సూది వేయనివ్వదు. పోయినసారి రక్తపరీక్షలో షుగర్ 240 వచ్చింది, కానీ నీళ్లు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం ఏమీ లేవు. ఇంట్లో ఇండీ కుక్క కూడా ఉంది. క్లినిక్ గుమ్మం చూడగానే నాలుగు కాళ్లూ బిగబట్టేస్తుంది. ఈ 3 వారాల్లో ఏం మార్చొచ్చు?

గోడమీదిపిల్లి:
ముందు ఆ క్యారియర్‌ని అటక ఎక్కించడం మానేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున తప్ప కనపడని వస్తువు కాబట్టే దాన్ని చూసి పారిపోతోంది. గుడ్డ సంచీ రకమైతే మార్చేయండి. పక్కన క్లిప్పులుండి పైమూత ఊడొచ్చే గట్టి ప్లాస్టిక్‌ది కావాలి, ఎందుకో కింద డాక్టరు గారు (బీవీఎస్సీ_కలం) ఎలాగూ చెబుతారు.

మొదటి 4–5 రోజులు మూత, తలుపు రెండూ తీసేసి అడుగు తొట్టి మాత్రం అది రోజూ పడుకునే చోట పెట్టండి. లోపల దాని పాత దుప్పటి ముక్క వేయండి, ఉతక్కుండా. ఉతికితే దాని వాసన పోతుంది, మనకి కావాల్సిందే ఆ వాసన. తిండి గిన్నె తొట్టికి మూరెడు దూరంలో మొదలుపెట్టి రోజుకో బెత్తెడు దగ్గరికి జరుపుతూ లోపలికి చేర్చండి. లోపలే నిలబడి తింటోందంటే మూత బిగించండి. తర్వాత తలుపు: తింటుండగా 5 సెకన్లు, మర్నాడు 30, ఆ పైన 5 నిమిషాలు. మధ్యలో తినడం ఆపేసిందంటే మీరు తొందరపడ్డట్టే, వెనకటి మెట్టుకి రండి. చివరి వారం ఎత్తుకుని ఇల్లంతా తిప్పడం, లిఫ్టులో కిందికి వెళ్లి రావడం.

పైన పిడి పట్టుకుని కూరగాయల సంచీలా ఊపుకుంటూ నడవొద్దు. అడుగున చెయ్యి వేసి ఛాతీకి ఆనించుకోండి. ఆటో ఇంజను వెనకే ఉంటుంది కాబట్టి సీటు మీద అదురెక్కువ. మడత దుప్పటి పరిచి కాళ్ల దగ్గర జారకుండా ఇరికించండి. పైన టవల్ కప్పి, ఒక పక్క గాలికి వదలండి.

ఇంకోటి, చొంగ అంటే అన్నిసార్లూ భయం కాదు, కడుపులో తిప్పడం కూడా కావచ్చు. బయల్దేరే ముందు 3–4 గంటలు తిండి ఆపి చూడండి, నీళ్లు మాత్రం ఉంచండి.

బీవీఎస్సీ_కలం:
240 చూసి బెంబేలు పడకండి. పిల్లి బాగా భయపడితే కాసేపట్లోనే షుగర్ అంతకీ ఎక్కుతుంది, జబ్బు లేకపోయినా సరే. అనుమానం తీరాలంటే ఫ్రక్టోసమైన్ పరీక్ష అడగండి. అది సుమారు గత రెండు వారాల సగటు చెబుతుంది, ఆ ఒక్క గంట భయం దాన్ని మార్చలేదు. మూత్రంలో చక్కెర కూడా చూడమనండి.

మెడ తోలు పట్టుకోవడం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది: వద్దు. తల్లి కూనల్ని మోసినట్టే కదా అంటారు. అది కూనలుగా ఉన్నప్పటి మాట, పెద్ద పిల్లి అలా పట్టుకుంటే బిగుసుకుపోయేది భయంతోనే. క్యారియర్‌ని ఒంపి దులపడమూ అంతే. క్లిప్పులు విప్పి మూత తీసేస్తే పిల్లి అడుగు తొట్టిలోనే కూర్చుంటుంది, తల మీద టవల్ కప్పి అక్కడే పరీక్ష చేయొచ్చు, టీకా వేయొచ్చు. ఫోన్ చేసినప్పుడే ఇలా చేస్తారా అని అడగండి, పొద్దున మొదటి టైము తీసుకోండి.

ఇవన్నీ చేసినా భయం తగ్గకపోతే గాబాపెంటిన్ అనే, కంగారు తగ్గించే మందు గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. పిల్లికి మామూలుగా 50–100 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి 2–3 గంటల ముందు. మోతాదు ఆయనే తేల్చాలి, కిడ్నీ జబ్బుంటే తగ్గించాలి. మందుల షాపులో జాగ్రత్త: గాబాపెంటిన్ అడిగితే మిథైల్‌కోబాలమిన్‌తోనో నార్‌ట్రిప్టిలిన్‌తోనో కలిపిన మాత్ర చేతిలో పెట్టేస్తారు. అట్ట మీద గాబాపెంటిన్ ఒక్క పేరే ఉండాలి.

టీకా రోజుకి ముందే, ఇంట్లో ఖాళీగా ఉన్న రోజు ఒకసారి ఈ మందు పెట్టి చూడండి. పొడి చేదు, వాసన గట్టిగా ఉండే తడి తిండి కొంచెంలో కలపండి (తిండి ఆపిన రోజునా మందు కోసం ఆ కాస్త ఫర్వాలేదు). నోట నురగ వస్తే అది చేదు వల్లే. కాళ్లు తడబడతాయి, చాలాసేపు మగతగా ఉంటుంది. ఆ రోజు బాల్కనీ తలుపు మూసేయండి, బీరువా పైకి ఎక్కనివ్వొద్దు. ఏస్‌ప్రొమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకండి. ఒళ్లు కదలదు గానీ లోపల భయం అలాగే ఉంటుంది.

వీధిసింహం:
కుక్క సంగతి. గొలుసుతో లాగితే గుమ్మం మీద పగ ఇంకా పెరుగుతుంది. సూది పని లేని రోజుల్లో తీసుకెళ్లండి. మొదట వీధి మలుపు దాకా, తర్వాత గేటు దాకా, ఆపైన లోపలికెళ్లి బరువు చూసుకుని వచ్చేయడం. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ శనగ గింజంత ముక్కలు చేసి పట్టుకెళ్లండి. అది గేటు వైపు చూశాక ముక్క పెట్టాలి. ముక్క చూపించి లోపలికి లాక్కెళ్తే రెండోసారి ముక్కనే అనుమానిస్తుంది.

కాళ్లు బిగబట్టడానికి సగం కారణం నున్నటి గ్రానైటు, స్టీలు బల్ల. పాత యోగా మ్యాట్ తీసుకెళ్లి కాళ్ల కింద పరవండి. మూతికి బుట్ట రకం మజిల్ కొనండి. గుడ్డది నోరు బిగించేస్తుంది, కుక్క ఒళ్లు చల్లబడేది నోరు తెరిచి రొప్పడం వల్లే కదా, మన ఎండల్లో ప్రమాదం. లోపల గడ్డ పెరుగు పూసి దానంతటదే మూతి పెట్టేదాకా ఆగండి, పట్టీ తర్వాత.

జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినోత్సవానికి పశువైద్యశాలల్లో పెట్టే ఉచిత రేబిస్ టీకా శిబిరాలు మంచివే, ఇలాంటి కుక్కకి మాత్రం కావు. ఆ గుంపులో, ఆ మొరుగుళ్లలో మీరు నేర్పిందంతా ఒక్క పూటలో పోతుంది.

మియావ్‌మేడ:
రెంటినీ ఒకే రోజు తీసుకెళ్తే ఆటో ఖర్చు కలిసొస్తుందనుకున్నా. వద్దంటారా?

బీవీఎస్సీ_కలం:
వద్దు. ఒకదాని కంగారు ఇంకోదానికి అంటుకుంటుంది. తిరిగొచ్చాక పిల్లిని వేరే గదిలో పెట్టి క్యారియర్ తలుపు తీసి వదిలేయండి, దానంతటదే రానివ్వండి. మందుల వాసనతో వచ్చిన పిల్లిని చూసి కుక్క కొత్తగా మొరగొచ్చు. దారిలో గానీ ఇంట్లో గానీ పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం కాసేపు చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.