బ్రేక్ యాక్చుయేటర్ సిమ్యులేషన్‌లో ఫోర్స్ ఓవర్‌షూట్ తగ్గట్లేదు

మధురవాడ_మెకట్రానిక్స్:
ఫైనలియర్ ప్రాజెక్టుకి విమానం ఎలక్ట్రిక్ బ్రేక్ యాక్చుయేటర్‌ని (మోటార్‌తో రామ్ అనే కడ్డీని తోసి బ్రేక్ డిస్కుల్ని నొక్కే యూనిట్) సిములింక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో కడుతున్నాం. బోయింగ్ 787లో ఒక్కో చక్రం బ్రేక్‌కి ఇలాంటివి 4 ఉంటాయి, మేం ఒక్కదాన్నే తీసుకున్నాం. మోటార్ టార్క్ 0.5 న్యూటన్ మీటర్, గేర్ నిష్పత్తి 30, బాల్ స్క్రూ లీడ్ (ఒక్క చుట్టుకి రామ్ కదిలే దూరం) 5 మి.మీ., ఎఫిషియెన్సీ 0.8, రోటార్ ఇనర్షియా 0.00002 కేజీ చ.మీ. కార్బన్ స్టాక్ (బ్రేక్ డిస్కుల దొంతర) స్టిఫ్‌నెస్ మి.మీ.కి 20 కిలోన్యూటన్లు, రామ్‌కీ స్టాక్‌కీ మధ్య ఖాళీ 2 మి.మీ. 8 కిలోన్యూటన్లు అడిగితే 13 దాకా ఎగురుతోంది. పీఐడీ కంట్రోలర్ గెయిన్లు (తేడాకి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) ఎంత మార్చినా అంతే. ఏం చేయమంటారు?

సర్వో_మాష్టారు:
గెయిన్ల జోలికి ఇప్పుడే పోకు బాబూ. మీ సైజింగ్ బానే ఉంది, గరిష్ఠంగా 15 కిలోన్యూటన్లు వస్తాయి. ఖాళీ దాటేటప్పుడు మోటార్ ఎంత వేగంలో ఉందో చూశావా? 6000 ఆర్‌పీఎం అయితే రోటార్‌లో దాదాపు 4 జౌళ్లుంటాయి. అదంతా స్టాక్‌ని నొక్కడానికే పోతే, ఘర్షణ వదిలేసి లెక్కేస్తే, మోటార్ కరెంట్ సున్నా ఉన్నా 12.5 కిలోన్యూటన్లు వస్తాయి. అదే 1500 ఆర్‌పీఎంలో తగిలితే 3 చిల్లర.

కాబట్టి తగలడానికి 0.3 మి.మీ. ముందే బ్రేకింగ్ టార్క్ మొదలెట్టు. పూర్తి టార్క్‌తో 6000 నుంచి 1500కి దిగడానికి 0.2 మి.మీ. చాలు. డిస్కులు అరిగితే తగిలే చోటు జరుగుతుంది, వేడెక్కినా జరుగుతుంది. ఫోర్స్ పెరగడం మొదలైన స్థానాన్ని ప్రతిసారీ గుర్తుపెట్టుకుని ఖాళీని అక్కణ్నుంచి కొలవాలి.

ఇంకోటి. రామ్ వైపు నుంచి చూస్తే ఆ చిన్న రోటార్ 28 టన్నుల బరువులా కనిపిస్తుంది, ఎందుకంటే నిష్పత్తి వర్గమవుతుంది. స్టాక్‌తో కలిపి సహజ పౌనఃపున్యం 4 హెర్ట్జ్ చిల్లర. యాంటీ-స్కిడ్‌కి (చక్రం జారకుండా బ్రేక్‌ని గబగబా వదిలి పట్టడం) అది తక్కువ. గేర్ 15కి దించితే రెట్టింపవుతుంది, కానీ టార్క్ కూడా రెట్టింపు కావాలి. అసలు డిజైన్ బేరమంతా ఇక్కడే.

సాల్వర్_సీతమ్మధార:
పైది సరిచేశాక కూడా గ్రాఫ్‌లో ముళ్లలాంటి స్పైకులు కనిపిస్తే అది సాల్వర్ (సమీకరణాల్ని అంచెలంచెలుగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ భాగం) పనే. తగిలే చోట స్టిఫ్‌నెస్‌ని ఒక్కసారిగా కాకుండా మొదటి 0.05 మి.మీ.లో నెమ్మదిగా పెంచండి, కొద్దిగా డాంపింగ్ ఇవ్వండి. ఇలాంటి హఠాత్తు మార్పుల్ని తట్టుకునే ‘స్టిఫ్’ రకం సాల్వర్ వాడండి.

మధురవాడ_మెకట్రానిక్స్:
థాంక్స్ మాష్టారూ. లోడ్ సెల్ (ఫోర్స్ కొలిచే సెన్సర్) తీసేసి కరెంట్‌తోనే ఫోర్స్ అంచనా వేస్తే?

సర్వో_మాష్టారు:
వద్దు. 15 కిలోన్యూటన్లు ఎక్కించడానికి 0.5 న్యూటన్ మీటర్ కావాలి. వదిలేటప్పుడు టార్క్ సుమారు 0.3కి దిగేదాకా రామ్ కదలదు. ఆ మధ్యలో కరెంట్ మారుతున్నా ఫోర్స్ మారదు. పార్కింగ్‌కి మోటార్ షాఫ్ట్ మీద కరెంట్ పోతే పట్టేసే లాక్ కూడా మోడల్‌లో పెట్టండి, బాల్ స్క్రూ వెనక్కి తిరిగిపోతుంది.

సాల్వర్_సీతమ్మధార:
ఫోర్స్ సరిగా వచ్చినంత మాత్రాన బ్రేక్ టార్క్ వచ్చేసిందనుకోకండి. కార్బన్ తేమ పీలిస్తే మొదటిసారి నొక్కినప్పుడు ఘర్షణ తగ్గుతుంది. మన వైజాగ్ గాలికి ఆ కేసు రన్ చేయకపోతే వైవాలో తప్పకుండా అడుగుతారు.