భావం నకలవుతుందా, ప్రతి మనసులోనూ మళ్ళీ పుడుతుందా?

ప్రశ్న

1976లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ ‘ది సెల్ఫిష్ జీన్’ పుస్తకంలో ‘మీమ్’ అనే మాటను సృష్టించి, జన్యువులు తరం నుంచి తరానికి నకలైనట్టే పాటలూ నమ్మకాలూ మెదడు నుంచి మెదడుకు నకలవుతాయని ప్రతిపాదించారు. ఇది ఉత్త ఉపమానమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. ‘ఇంతమందికి పంపకపోతే కీడు జరుగుతుంది’ అని బెదిరించే గొలుసు ఉత్తరాన్నే తీసుకోండి. అందులోని విషయం నిజమా కాదా అన్నదానితో పని లేకుండా, ఆ ఒక్క వాక్యం బలంతోనే అది బతికింది. చార్లెస్ బెనెట్, మింగ్ లీ, బిన్ మా అనే పరిశోధకులు అలాంటి 33 ఉత్తరాలను పోల్చి, వాటిలోని తేడాలను బట్టి ఏది దేని సంతానమో జీవశాస్త్ర పద్ధతిలోనే వంశవృక్షం గీసి 2003లో ప్రచురించారు.

సమాధానం

ఉత్తరాల మాట నిజమే కానీ, అక్కడ నకలు తీసింది చాలావరకు జిరాక్స్ యంత్రం. మనసు ఏం చేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాలలో కనిపిస్తుంది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండు పాఠకులకు ఇచ్చి, జ్ఞాపకం నుంచి తిరిగి రాయించి, ఆ రాతను మరొకరికి ఇస్తూ పోయారు. సీల్ వేటకు బయలుదేరిన యువకులు చేపలు పట్టేవారయ్యారు, దోనె మామూలు పడవ అయింది, కథకు ప్రాణమైన దయ్యాలే మాయమయ్యాయి. జన్యువులో మార్పు గుడ్డిది. ఇక్కడ మాత్రం కథ చదివేవారికి తెలిసిన లోకం వైపే ఒరిగింది. భావాలు నకలు కావడం కంటే కొన్ని రూపాల వైపు ఆకర్షితమవుతాయని మానవశాస్త్రవేత్త డాన్ స్పెర్బర్ వాదించడానికి కారణం ఇలాంటి ఒరుగుదలే.

ప్రశ్న వేసినవారి స్పందన

ఒరుగుదలను ఒప్పుకుంటాను. అయితే యంత్రమే లేని రాతప్రతుల సంగతి చూడండి. దగ్గరగా ఉన్న రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే లేఖకుడి చూపు మొదటిదాని నుంచి రెండోదానికి దూకి, మధ్య భాగం రాలిపోతుంది. ఆ లోపం అతని ప్రతిని చూసి రాసిన ప్రతులకు సంక్రమిస్తుంది కనుకనే, ప్రతులను పోల్చి సరైన పాఠం తేల్చే పరిష్కర్తలు దాన్ని పట్టుకుని ప్రతుల చుట్టరికం తేలుస్తారు. అదే లేఖకుడు అర్థంకాని మాట ఎదురైనప్పుడు తనకు తెలిసిన మాటను పెట్టేస్తాడు, అంటే కన్ను నకలు తీసిన చోటే మనసు తిరగరాసింది. కాబట్టి జన్యువుతో పోలిక అక్షరాలా నిజమన్న పట్టు వదులుకుంటున్నాను కానీ, భావాలకు వంశవృక్షం ఉందన్న మాట మాత్రం వదలను.