కొత్త సర్కారు కాలేజీనా, పాత ప్రైవేటులో కన్వీనర్ సీటా?

హుజురాబాద్ అన్న:
మా చెల్లికి మొదటి విడత కౌన్సెలింగ్‌లో భూపాలపల్లి సర్కారు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. బాపు మిఠాయి డబ్బాలు పట్టుకుని వాడకట్టంతా తిరిగొచ్చాడు. ఇప్పుడు రెండో విడత వెబ్ ఆప్షన్లు పెట్టాలి. హైదరాబాద్ దగ్గర ఒక పాత ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, వచ్చేలా ఉంది. అది వస్తే భూపాలపల్లి సీటు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ కావాలన్నా రాదు. సర్కారులో ఏడాదికి 10 వేలు, అక్కడ 60 వేలు. ఫీజు ఎట్లనో కడతాం. చదువు ఎక్కడ బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. మూడు రోజులుగా ఇంట్లో ఒకటే టెన్షన్.

ఎంజీఎం పాత హౌస్ సర్జన్:
తమ్ముడూ, భూపాలపల్లి వదలొద్దు. రెండు చోట్లా పరీక్ష పెట్టేది కాళోజీ యూనివర్సిటీయే, పట్టా ఇచ్చేదీ అదే. తేడా అంతా దవాఖానలో ఉంటుంది. నేను వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, వానాకాలం ఒక రాత్రి పత్తి చేన్లో పాము కరిచిన మనిషిని తెచ్చారు. సార్ ఎండు గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి నా చేతికిచ్చారు. "స్టాండులో పెట్టు, ఇరవై నిమిషాలు కదపకు" అన్నారు. గడియారం చూస్తూ కూర్చున్నా. టైం కాగానే వంచితే రక్తం నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు. రక్తపింజర విషం అయి ఉంటుందని వెంటనే విరుగుడు ఎక్కించాం. మనిషి బతికాడు. ఇది పుస్తకంలో రెండు లైన్లే. నాకు మాత్రం ఆ గొట్టం బరువు ఇప్పటికీ చేతిలో ఉంది. అడవి పల్లెలు, బొగ్గు గనులు ఉన్న భూపాలపల్లిలో ఇట్లాంటి కేసులు మీ చెల్లి కళ్ల ముందుకే వస్తాయి. కొత్తదని భయపడకండి. మా కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లో కొత్తదే.

తొలి బ్యాచ్ 2022:
అన్నా, మీ చేతికి గొట్టం ఇవ్వడానికి ఒక సార్ ఉన్నారు. నాకు రాత్రి డ్యూటీలో అట్లాంటి సార్ దొరకడమే కష్టం. 1959లో వరంగల్‌లో పెట్టింది ఒక్క కాలేజీ. మన రాష్ట్రంలో 2022లో ఎనిమిది, 2023లో ఇంకో తొమ్మిది సర్కారు కాలేజీలు తెరిచారు. అందరికీ ప్రొఫెసర్లు ఎక్కడి నుంచి వస్తారు? మా కాలేజీలో ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ బదిలీ అయ్యాక నెలల తరబడి ఆ కుర్చీ ఖాళీ. పైన సీనియర్లు లేరు, వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఏం అడుగుతారో చెప్పేవాళ్లు లేరు. రోగులు మాత్రం వరండా దాకా ఉన్నారు. వాళ్లను చూసి ఏం నేర్చుకోవాలో చూపించే మనిషి లేకపోతే అది రద్దీయే, చదువు కాదు. తమ్ముడూ, నేనైతే ప్రైవేటునే పైన పెడతా.

కరీంనగర్ అమ్మ:
మా బాబు ప్రైవేటులో కన్వీనర్ సీటులోనే చదువుతున్నాడు. క్లాసులు చక్కగా జరుగుతాయి, లైబ్రరీ బాగుంటుంది. వార్డులో ఒక్కో మంచం చుట్టూ పదిమంది పిల్లలు నిలబడతారట, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసే వంతు రాదని బాధపడతాడు. 60 వేలు ఫీజు మాత్రమే బాబూ, హాస్టల్, మెస్ వేరే. అది కూడా లెక్కలో వేసుకోండి.

ఎంజీఎం పాత హౌస్ సర్జన్:
తొలి బ్యాచ్ తమ్ముడు చెప్పింది కాదనలేను. సార్ లేకపోతే ఆ రాత్రి నాకు గొట్టం వంచాలనే తెలిసేది కాదు. కానీ భూపాలపల్లి మొదలైంది 2023లో, మీ చెల్లికి ఇప్పుడు పైన సీనియర్లు ఉన్నారు. హుజురాబాద్ తమ్ముడూ, బిల్డింగ్ చూసి రాకండి. సోమవారం పొద్దున ఓపీ టైంకు పోండి. మెడిసిన్, సర్జరీ, గైనిక్ వార్డుల్లో పెద్ద డాక్టర్ రౌండ్స్‌కు వస్తున్నారా, పిల్లల్ని వెంట తిప్పుకుంటున్నారా చూడండి. హాస్టల్ దగ్గర ఆడపిల్లలతో మీ చెల్లినే మాట్లాడనివ్వండి, రాత్రి క్యాజువాలిటీలో ఎవరుంటారో వాళ్లు చెబుతారు. మూడు వార్డుల్లోనూ సార్లు కనిపించకపోతే నా మాట వెనక్కి తీసుకుంటా, ప్రైవేటును పైన పెట్టండి.

హుజురాబాద్ అన్న:
అందరికీ దండాలు. ఆప్షన్లకు మంగళవారం దాకా టైం ఉంది. రేపే సోమవారం. నేనూ చెల్లీ పొద్దున్నే పరకాల మీదుగా పోతున్నాం. వార్డుల్లో ఏం అడగాలో తను నోట్‌బుక్‌లో రాసుకుంటోంది, మొదటి ప్రశ్న గాజు గొట్టం గురించే.