అప్‌డేట్: నాన్నగారి 1982 ఏషియన్ గేమ్స్ రెండు రూపాయల నాణెం

పోయిన నెల పర్లాకిమిడి నుంచి అడిగాను, గుర్తుందా? నాన్నగారి పెట్టెలో దొరికిన ఈ నాణేనికి 5 లక్షలు ఇస్తామని ఒకడు ఫోన్ చేసి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. కట్టవద్దని మీరంతా ఆపారు. కట్టలేదు. మీకు నిజంగా రుణపడి ఉన్నాను. పాత నాణేల పేరుతో ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు కూడా 2021 ఆగస్టులోనే హెచ్చరించిందట.

నిన్న బరంపురంలో నాణేలు సేకరించే ఒక పెద్దాయనకు చూపించాను. భూతద్దంతో చాలాసేపు చూశారు. నాణెం మీద సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, వజ్రం గుర్తయితే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా అని ఓపికగా చెప్పారు. మాది వజ్రం. ఇది వెండి కాదు, రాగి, నికెల్ కలిపినది. ఆ క్రీడలకు వెండితో వేసింది వంద రూపాయల నాణెమట. మాది చేతులు మారి అరిగింది కాబట్టి లక్షలు కాదు, వేలు కూడా రావన్నారు. పైగా అమ్మ ప్రేమగా చింతపండుతో తోమేసింది. తోమితే విలువ పడిపోతుందట, దయచేసి మీరెవరూ తోమకండి.

అమ్మడం లేదు. నాణెం మీదున్న జంతర్ మంతర్ బొమ్మను నాన్న వేలు పెట్టి చూపించేవారు, అది చాలు నాకు.