లారీ వెనక ఎడమ బ్రేకు డ్రమ్ము కాలిపోతోంది, ఎంత వదులు చేసినా అంతే

పది టైర్లు: పొద్దుటి నుంచి బండి కిందే ఉన్నాను. వెనక ఎడమ డ్రమ్ము కాలిపోతోంది. కుడివైపు చేయి ఆనించి ఉంచగలను, ఎడమవైపు దగ్గరికి వెళ్తేనే సెగ కొడుతోంది. మెకానిక్ బ్రేకు వదులు చేసి పంపుతాడు, కాస్త దూరం వెళ్లేసరికి మళ్లీ పట్టేస్తుంది. బూస్టర్ కూడా కొత్తది వేయించాను, డబ్బు దండగ. విశాఖ నుంచి రాయపూర్ లోడు, సాలూరు దాటి సుంకి ఘాట్ దగ్గర ఆగిపోయాను. సరుకు యజమాని ఫోను మీద ఫోను. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

పాత క్లీనరు: ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే కాలక ఏమవుతుంది? ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మా గురువులు దెబ్బలు వేసి మరీ నేర్పారు. ఇప్పటివాళ్లకు ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్చి ఎక్కడుందో కూడా తెలియదు, గేరు తీసేసి డీజిల్ మిగిలిందనుకుంటారు. పైగా లోడు. 2018లో మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. అది చాలదన్నట్టు పైన ఇంకో నాలుగు టన్నులు వేస్తారు. ఇంతకీ మీ లోడు ఎంత?

పది టైర్లు: అయ్యా, నేను దిగడం లేదు, ఎక్కుతున్నాను.

హబ్బు నట్టు: ఎయిర్ బ్రేకా, ఆయిల్ బ్రేకా? చదును రోడ్డు మీద కూడా కాలుతోందా? ఏ పని చేయించాక మొదలైంది?

నాలుగు సున్నా ఏడు: బూస్టర్ అన్నారు కదా, ఆయిల్ బ్రేకే అయి ఉంటుంది. చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. లేదంటే ఆ చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం లోపల వాచిపోయి ఆయిల్‌ను తిరిగి రానివ్వడం లేదు. ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ కొద్దిగా వదులు చేయండి, ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే గొట్టం మార్చండి.

ఆటోనగర్ పక్కింటివాడు: పది టైర్ల లారీకి వీల్ సిలిండర్ ఎక్కడిదండీ! లారీవాళ్లు బూస్టర్ అనేది చక్రం దగ్గరుండే బ్రేక్ ఛాంబర్‌ను. ఏ విడిభాగాల కొట్టుకైనా వెళ్లి అడగండి, ఛాంబరే తెచ్చి చేతిలో పెడతారు.

నాలుగు సున్నా ఏడు: నా బండికి అడిగితే అసలైన బూస్టరే ఇస్తారు. పెడల్ బలాన్ని పెంచేది బూస్టర్, గాలితో రాడ్డును తోసేది ఛాంబర్. పేరు సరిగా చెప్పకపోతే సలహా ఎలా చెప్పాలి?

ఆటోనగర్ పక్కింటివాడు: లారీ అని తెలిశాక కూడా వీల్ సిలిండర్ అన్నది మీరు.

పది టైర్లు: మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. ఎయిర్ బ్రేకే. చదునులోనూ కాలుతోంది. పోయిన వారం డ్రమ్మును రాసి ఆపే లైనర్లు మార్చి, డ్రమ్ము లోపల లేతు పట్టించి, ఎడమవైపు లైనర్ సందును తానే సరిచేసే ఆటోమేటిక్ అడ్జస్టర్ కొత్తది వేశారు. అప్పటి నుంచే. ఇదంతా చెప్పాల్సిన విషయమని అనుకోలేదు.

హబ్బు నట్టు: చెప్పాల్సింది అదొక్కటే.

చదునైన చోటికి చేరండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, గాలి పూర్తిగా నింపి, హ్యాండ్ బ్రేకు తీసి, ఆ చక్రం జాకీ మీద లేపండి. చేత్తో తిరగకపోతే పెడల్ వైపు నుంచి ఛాంబర్‌కు వచ్చే గొట్టం వదులు చేయండి. బుస్సుమని గాలి వచ్చి చక్రం వదిలితే ఛాంబర్లకు గాలి పంపే రిలే వాల్వు దాన్ని తిరిగి బయటికి వదలడం లేదు. గాలి రాకపోతే గాలి లేకపోతే పట్టేసే స్ప్రింగ్ బ్రేకు వెనకాల, స్ప్రింగును వెనక్కి లాగే విడుదల బోల్టు పెట్టి బిగించండి. అప్పుడు వదిలితే హ్యాండ్ బ్రేకు లైనులో గాలి చాలడం లేదు. అప్పటికీ వదలకపోతే అడ్జస్టర్ వెనక్కి తిప్పండి. దానికీ వదలకపోతే బేరింగ్ నట్టు ఎక్కువ బిగించారు, లేదా లైనర్లను డ్రమ్ముకు నెట్టే కామ్ షాఫ్ట్ బుష్ పట్టేసింది.

స్ప్రింగ్ ఛాంబర్ క్లాంపు మాత్రం విప్పవద్దు. లోపలి స్ప్రింగు ఎగిరి తగిలితే మనిషి మిగలడు.

పాత క్లీనరు: డ్రమ్ము మీద నీళ్లు కొడుతున్నారా? కొట్టవద్దు, పోత ఇనుము పగులుతుంది. వాటర్ ట్యాంకు కట్టుకుని చక్రాల మీద ధార పోసుకుంటూ దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రిమ్ము వేడికి టైరు అంటుకున్న బళ్లు ఎన్ని చూశాను.

ఆటోనగర్ పక్కింటివాడు: నట్టు గారు చెప్పినవన్నీ చేయండి కానీ నా అనుమానం అడ్జస్టర్ మీదే. ఆటోమేటిక్‌ను చేత్తో వదులు చేసి పంపితే ఏం లాభం, పది బ్రేకులు వేసేసరికి అదే మళ్లీ బిగించుకుంటుంది. మీ మెకానిక్ వదులు చేసిన ప్రతిసారీ జరిగింది అదే. దాని పక్కన ఇరుసుకు బ్రాకెట్‌తో కట్టిన చిన్న చేయి ఉంటుంది, కంట్రోల్ ఆర్మ్. కొన్ని రకాల్లో దాని మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ వైపు అది ఆగేదాకా నెట్టి, అప్పుడు బ్రాకెట్‌కు బిగించాలి. చాలామంది బోల్టు రంధ్రం ఎక్కడ కలిస్తే అక్కడ బిగించేస్తారు. ఇక లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కడిది?

నాలుగు సున్నా ఏడు: లేతు పట్టిన డ్రమ్ముకు ఏ సైజు లైనర్లు వేశారో కూడా అడగండి. డ్రమ్ము కొలతకు మించిన ఓవర్‌సైజువి అయితే సందు ఎంత పెట్టినా రాసుకుంటాయి.

పది టైర్లు: గొట్టం వదులు చేస్తే గాలి రాలేదు. బోల్టు పెట్టినా వదలలేదు. అడ్జస్టర్ వెనక్కి తిప్పితే కరకరమంటూ గట్టిగా తిరిగింది, చక్రం వదిలింది. బాణం గుర్తు ఉంది, చేయి మధ్యలోనే బిగించి ఉంది. నెట్టి కట్టించి, లైనర్ తగిలేదాకా బిగించి అర చుట్టు వెనక్కి తిప్పాం. లైనర్ల సైజు తెలియదు. బయలుదేరుతున్నాను, థ్యాంక్స్.

హబ్బు నట్టు: అంత వేడికి హబ్బులో గ్రీజు కరిగి, సీలు పోయి ఉంటుంది. ఇరుసులోని గేరు ఆయిల్ లైనర్ మీదికి వస్తే ఆ చక్రానికి బ్రేకే ఉండదు. రాయపూర్ దాకా ఆగకుండా కొరాపుట్‌లోనే విప్పించండి.

హబ్బు నట్టు: చూశారా?

కంకర టిప్పర్: మాకూ ఇదే బాధ, కాకపోతే కుడివైపు. పొద్దున మొదటి ట్రిప్పులో ఉండదు, మధ్యాహ్నం నుంచి మొదలు. ఎవరైనా చెప్పగలరా?