ట్రావెలర్ వ్యానులో మడత మంచం సీటు: నాలుగు బోల్టులు చాలా?

కావలి_రైలుగేటు (శుక్రవారం రాత్రి 9:12)
పాత ట్రావెలర్ వ్యాను కొన్నాను, 3050 వీల్‌బేస్‌ది. ఇంతకుముందు ఒక స్కూలుకు తిరిగింది. వెనక సీట్లన్నీ తీయించాను. పగలు ముగ్గురు కూర్చునే సీటుగా ఉండి, ముందుకు లాగితే మంచమయ్యేది ఒకటి పెట్టించాలని ఉంది. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో అడిగాను. అంగుళం చదరపు పైపుతో ఫ్రేము, పైన 12 ఎంఎం ప్లైవుడ్డు, 4 అంగుళాల ఫోము, రెక్సిన్, నేలకు నాలుగు బోల్టులు. మొత్తం 26 వేలు అన్నారు. మా బావమరిది మాత్రం ఏమీ బిగించవద్దు, మడత మంచం ఒకటి బండిలో పడేసుకో అంటున్నాడు. ఇంట్లో మేమిద్దరం, పాప, మా అమ్మ. నాలుగు బోల్టులు సరిపోతాయా?

ఉదయగిరి_చెంచా (రాత్రి 9:20)
ఫోము 4 అంగుళాలు చాలదు. 5 వేయించండి.

షెడ్డు_మేస్త్రి (రాత్రి 10:05)
తమ్ముడూ, నేను 31 ఏళ్లుగా లారీ బాడీలు, చేపల బండ్ల పెట్టెలు కడుతున్నాను. అంగుళం పైపు సరే, గేజి అడిగావా? 18 గేజి వేస్తే ఆరు నెలలకు నడుము వంగుతుంది. 16 వేయించు, అంకె తగ్గితే మందం పెరుగుతుంది. మడత దగ్గర తలుపు బందులు పెట్టనివ్వకు. మన సముద్రపు గాలికి ఆ బందు రెండు వానాకాలాలు ఓర్చుకుంటే గొప్ప. 12 ఎంఎం కడ్డీ వేసి, అది తిరగడానికి బుష్ పెట్టాలి. ప్లైవుడ్డు మామూలుది అయితే కార్తీక మాసపు వానలకు అప్పడంలా ఉబ్బుతుంది. ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది అడుగు. లాగే సీటుకు గడియ రెండు వైపులా ఉండాలి. ఒక్క గడియే ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా సీటు తనంతట తానే మంచం కావాలని చూస్తుంది.

ఇక బోల్టులు. 10 ఎంఎంవి, తల మీద 8.8 అని అంకె ఉన్నవి వాడితే ఒక్కొక్కటి నాలుగున్నర టన్నుల లాగుడుకు గానీ తెగదు. నాలుగు కలిపితే పద్దెనిమిది టన్నులు. ఏనుగును కట్టేసినా చాలు.

చీమకుర్తి_రాయి (రాత్రి 10:48)
ఏనుగును కట్టి చూడండి మేస్త్రి గారూ. బోల్టు తెగదు. నేల రేకును చించుకొని బోల్టులతో సహా వెళ్లిపోతుంది.

లెక్క చెబుతాను. బండి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 60 కిలోల మనిషి ఆ క్షణంలో సుమారు 850 కిలోల బరువుతో ముందుకు లాగినట్టు. ముగ్గురు కూర్చుంటే రెండున్నర టన్నులు. బెల్టులు సీటు ఫ్రేముకే బిగిస్తే ఆ లాగుడంతా ఫ్రేము మీదుగా వెనక రెండు బోల్టుల మీదికి వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆర్14 నియమం ప్రకారం కారులో నడుము బెల్టు ఒక్కదాని బిగింపుకే 2,225 డెకాన్యూటన్ల లాగుడు పెట్టి పరీక్షిస్తారు. అంటే రెండుంపావు టన్నులు. మన షెడ్డులో చేసే పరీక్ష ఏమిటి? కుర్రాడు ఎక్కి రెండుసార్లు ఎగురుతాడు.

మూడేళ్ల కిందట సింగరాయకొండ దాటాక మా బావగారి వ్యాను ముందున్న లారీని తగిలింది. అందులోనూ షెడ్డులో కట్టించిన సీటే. వేగం పెద్దగా లేదు. తర్వాత బండి చూడటానికి వెళ్లాను. నాలుగు బోల్టులూ చెక్కుచెదరలేదు. ఒక్కో బోల్టుకు అరచేతి పాటి రేకు ముక్క అంటుకొని ఉంది. మా అక్క సీటుతో పాటే వచ్చి డ్రైవరు వీపుకు గుద్దుకుంది. ఈ రోజుకీ ఆమె ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ మా మేనకోడలు వేస్తుంది.

షెడ్డు_మేస్త్రి (రాత్రి 11:15)
మీ అక్కగారి సంగతికి బాధగా ఉంది. అయితే రేకు చిరిగిందంటే కింద ప్లేటు వేయలేదన్నమాట. 3 ఎంఎం ప్లేటు ముక్క వేసి బిగిస్తే చిరగదు. అసలు నేల రేకు మందం ఎంతని మీ లెక్క?

చీమకుర్తి_రాయి (రాత్రి 11:21)
ఒక ఎంఎం. ప్లేటు వేసినా చుట్టూ ఉన్నది ఆ రేకే కదా. క్రాస్ మెంబర్‌కు, అంటే బండి అడుగున అడ్డంగా ఉండే దూలానికి, బిగించని బోల్టు గోడకు కొట్టిన మేకులాంటిది.

షెడ్డు_మేస్త్రి (రాత్రి 11:24)
ఏ బండికి ఒక ఎంఎం? కొలిచారా? నా దగ్గర వర్నియర్ ఉంది.

చీమకుర్తి_రాయి (రాత్రి 11:26)
నేను బెల్టు గురించి మాట్లాడుతుంటే మీరు వర్నియర్ అంటారు.

షెడ్డు_మేస్త్రి (రాత్రి 11:29)
కొలవలేదని ఒప్పుకోండి, బెల్టు గురించి తర్వాత మాట్లాడదాం.

పెన్నా_గట్టు (శనివారం ఉదయం 6:50)
రేకు మందం మీద తెల్లవారింది. కాగితాల సంగతి ఎవరైనా చెప్పారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు, బండికి తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. కంపెనీ ఇచ్చిన మౌలిక వివరాలను మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సీట్లు తీసేశారంటే ముందు వెళ్లి అడగండి. నా బండిని బ్రేకు ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి పాత సీట్లు అద్దెకు తెచ్చి బిగించి చూపించాను. నవ్వకండి.

ఉదయగిరి_చెంచా (ఉదయం 7:02)
అద్దెకు సీట్లు ఎక్కడ దొరుకుతాయి?

చీమకుర్తి_రాయి (ఉదయం 8:30)
ఇదే నేను చెప్పేది. కంపెనీ సీటుకు పరీక్ష ఉంటుంది, ముద్ర ఉంటుంది. పరీక్షించిన సీటు కొనండి, లేదంటే నడుస్తున్న బండిలో ఆ సీటు మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. బండి ఆగాక మంచం, అంతవరకే. షెడ్డులో కట్టింది ఇంటి సామాను, బండి సామాను కాదు.

షెడ్డు_మేస్త్రి (ఉదయం 9:10)
ఇంటి సామానా? రాయి గారూ, మీ క్వారీ రాళ్లు కృష్ణపట్నం రేవుకు చేరేది మాలాంటి వాళ్లు కట్టిన బాడీల మీదే. ముద్ర కావాలంటారు. ముద్ర ఉన్న సీటు ధర ఎంతో ఇక్కడ రాయండి. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఫోనులో ఏదో విదేశీ వీడియో చూపించి, ఇలాగే కావాలి, 20 వేలలో కావాలి అంటారు. ప్లేటు వేద్దామంటే బరువు పెరుగుతుందంటారు. బెల్టు వేద్దామంటే మడతకు అడ్డం అంటారు. రేపు ఏదైనా జరిగితే మాత్రం షెడ్డువాడే దొంగ. మీ బావగారు ఆ సీటుకు ఎంత ఇచ్చారో, ఏది వద్దన్నారో మీరు అడిగారా?

చీమకుర్తి_రాయి (ఉదయం 9:18)
ఇప్పుడు తప్పు మా అక్కదా?

షెడ్డు_మేస్త్రి (ఉదయం 9:19)
అలా అన్నానా? బేరం ఎవరు చేశారు అన్నాను.

చీమకుర్తి_రాయి (ఉదయం 9:31)
బేరం చేశాడు. ఒప్పుకుంటున్నాను. 3 వేలు తగ్గించానని ఇంటికొచ్చి స్వీట్లు పంచాడు. కానీ మేస్త్రి గారూ, ప్లేటు లేకుండా మనుషులు కూర్చునే సీటు బిగించనని ఆ షెడ్డువాడు అనవచ్చు కదా. మీరైతే అనేవారా?

కావలి_రైలుగేటు (ఉదయం 10:40)
ఇద్దరూ కాస్త ఆగండి. రాత్రి నుంచి చదువుతున్నాను. నేను అడిగింది సరిగ్గా చెప్పలేదేమో. మాకు ఊళ్లు తిరిగే సరదా లేదు. మా అమ్మకు తుంటి ఎముక విరిగితే కీలు మార్చారు. నెలకు రెండుసార్లు చెన్నై తీసుకెళ్లాలి. నెల్లూరు నుంచే 175 కిలోమీటర్లు, మాకు ఇంకా ఎక్కువ. మొదటిసారి అంబులెన్సులో తీసుకెళ్లాం. బతికుండగానే మోసుకెళ్తున్నట్టుంది, మళ్లీ ఎక్కను అంది. అందుకే ఈ బండి. దారి పొడవునా ఆమె పడుకొనే వస్తుంది. బండి ఆగాక మంచం అంటే నాకు ఉపయోగం లేదు.

చీమకుర్తి_రాయి (ఉదయం 10:52)
నడుస్తున్న బండిలో పడుకోబెట్టడమా? బోల్టుల సంగతి వదిలేయండి, అసలు అదే వద్దు. బెల్టు తుంటి ఎముక మీద ఆనాలి. పడుకున్న మనిషికి అది పొట్ట మీదికి జారుతుంది. బ్రేకు పడితే లోపలి అవయవాలను నొక్కుతుంది. బెల్టు లేకపోతే మనిషే జారిపోతుంది.

షెడ్డు_మేస్త్రి (ఉదయం 11:05)
రైలు బెర్తు మీద అందరూ పడుకొనే వెళ్తున్నారు. ముసలావిడ నడుము వాల్చుకుంటానంటే వద్దని ఏ కొడుకు చెబుతాడు? మీరు అడిగారు కదా, నేనైతే అనేవాణ్నా అని. అనలేను. తల్లి కోసం అని వచ్చినవాణ్ని వెనక్కి పంపడం నా వల్ల కాదు. ఒక ప్లేటుకు బదులు రెండు వేసి పంపిస్తాను.

చీమకుర్తి_రాయి (ఉదయం 11:09)
మన గొడవ అక్కడే ఉంది. రేకులో లేదు. నాకు అనేవాడు కావాలి.

మైపాడు_అల (మధ్యాహ్నం 1:30)
నేను నర్సుగా పని చేస్తున్నాను, ఎముకల వార్డులోనే. అంబులెన్సులో స్ట్రెచర్‌ను నేల మీది పట్టాలకు తాళం వేసినట్టు బిగిస్తారు. మనిషికి భుజాల మీద, నడుము మీద, కాళ్ల మీద వేరువేరు పట్టీలు ఉంటాయి. సోఫా మంచం మీద అవేవీ ఉండవు. పడుకోబెట్టవద్దని నేనూ అంటాను.

అయితే కావలి తమ్ముడూ, అమ్మగారిని డాక్టరు పడుకోమన్నారా, లేక వంగి కూర్చోవద్దన్నారా? కీలు మార్చినవాళ్లకు సాధారణంగా చెప్పేది, తుంటి లంబకోణం కన్నా ఎక్కువ వంగకూడదని. అంటే సీటు పల్లంగా ఉండకూడదు. మోకాళ్ల కన్నా తుంటి కాస్త ఎత్తులో ఉండాలి. మడత మంచం సీట్లు చాలావరకు పల్లంగా, లోతుగా ఉంటాయి. మెత్తటి ఫోములో ఇంకా దిగబడతారు. ముందు డాక్టరును అడిగి, ఆ తర్వాత సీటు కొలవండి.

ఉదయగిరి_చెంచా (మధ్యాహ్నం 1:34)
అయితే ఫోము 5 వద్దు. 40 డెన్సిటీది, గట్టిది, 3 అంగుళాలు.

షెడ్డు_మేస్త్రి (మధ్యాహ్నం 2:10)
చెంచా గారు మొదటిసారి పనికొచ్చే మాట అన్నారు. తమ్ముడూ, ఆ షెడ్డువాడు సీటు ఎత్తు ఎంత చెప్పాడు? బండి కింద పడుకొని చూశాడా, పైనుంచే గీత గీశాడా?

కావలి_రైలుగేటు (ఆదివారం సాయంత్రం 5:45)
డాక్టరుకు ఫోను చేశాను. పడుకోమని ఆయన అనలేదు. వంగవద్దు, గంటకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి అన్నారట. డిశ్చార్జి రోజు విన్నది మా తమ్ముడు. ఇంటికొచ్చేసరికి అది కూర్చోకూడదు అని మారింది.

షెడ్డువాళ్లు చెప్పిన సీటు ఎత్తు 14 అంగుళాలు. చాప ఎత్తి నేల చూశాను. వాళ్లు చాక్‌పీసుతో నాలుగు గుర్తులు పెట్టి ఉన్నారు. టార్చి పట్టుకొని బండి కిందికి దూరాను. రెండు గుర్తులు క్రాస్ మెంబర్‌కు దగ్గర్లో ఉన్నాయి. ఒక చోట రేకు తుప్పు పట్టి ఉంది, వేలితో నొక్కితే పెచ్చు రాలింది. నాలుగో గుర్తు సరిగ్గా డీజిల్ ట్యాంకు మీద ఉంది.

చీమకుర్తి_రాయి (సాయంత్రం 5:52)
ట్యాంకు మీద.

షెడ్డు_మేస్త్రి (సాయంత్రం 6:01)
బండి వాళ్లకు ఇవ్వకు. మంచం సంగతి మరిచిపో. ఆ స్కూలు సీట్లు ఇంకా నీ దగ్గర ఉంటే కంపెనీ బిగించిన చోటే ఒక వరస తిరిగి వేద్దాం. ఎత్తు పెంచాలంటే కింద స్టాండు పెట్టి...

చీమకుర్తి_రాయి (సాయంత్రం 6:04)
స్టాండు పెడితే లాగుడు పెరుగుతుంది మేస్త్రి గారూ. ఎత్తు పెరిగినకొద్దీ వెనక బోల్టు మీద...

షెడ్డు_మేస్త్రి (సాయంత్రం 6:05)
తెలుసు. వర్నియర్‌తో పాటు నాకు బుర్ర కూడా ఉంది. సీటు మీద గట్టి దిండు వేద్దాం, పట్టీతో కట్టి. సరేనా?

చీమకుర్తి_రాయి (సాయంత్రం 6:20)
దిండు జారకపోతే సరే. బెల్టు?

షెడ్డు_మేస్త్రి (సాయంత్రం 6:22)
పాత సీటుకు బెల్టు ఉంటే ఉంటుంది. లేకపోతే కంపెనీది తెప్పిద్దాం. ఇది నేను అంటున్నాను, రాసిపెట్టుకోండి.

కావలి_రైలుగేటు (రాత్రి 8:30)
ఇదంతా మా అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, లోపల ఎక్కడ కూర్చోబెట్టినా ఫరవాలేదు, ముందు నేను ఎక్కేదెలా అని అడిగింది. టేపు పట్టాను. నేల నుంచి గుమ్మానికి 16 అంగుళాలు. మూడు రోజులుగా నాతో సహా ఒక్కరూ దాని ఊసెత్తలేదు.

షెడ్డు_మేస్త్రి (రాత్రి 8:41)
మెట్టు నేను చేస్తాను. రెండు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ, బండి కదిలేముందు మడిచి లోపల పెట్టేటట్టు. దీనికి ముద్ర అక్కరలేదు కదా, రాయి గారూ?